బోరు పక్కన చిన్నరసం చెట్టు

ఆర్కిటెక్చర్ చదువుతున్నానని చెప్తే మా వైపు జనం అడిగేది ఒకటే. "అంటే సివిలేగా?" కాదండీ, వేరు అంటే, "మరి ఇళ్ళే కదమ్మా కట్టేది?" అంటారు. అవునండీ, ఇళ్ళే అన్నామా, "అయితే సివిలే" అని తేల్చేసి వెళ్ళిపోతారు. మొదట్లో ఓపిగ్గా విడమరిచి చెప్పేదాన్ని. ఇప్పుడు "ఆ, సివిలే" అని ఊరుకుంటున్నాను. మా అమ్మ మాత్రం ఎవరడిగినా "మా పిల్ల ఇళ్ళ బొమ్మలేసే చదువు చదువుతోంది" అంటుంది. అందరికంటే సరిగ్గా చెప్పేది ఆవిడే.

మాది రెడ్డిగూడెం పక్కన ఊరు. ఊరంటే ఊళ్ళో కాదు, తోటలో. నాన్న ఒక ఆసామి మామిడితోటకి కాపలా. కాపలా అంటే కర్ర పట్టుకుని మంచం మీద కూర్చోవడం అనుకునేరు. పాదులు తీయడం, మందు కొట్టడం, నీళ్ళు పెట్టడం, కోతల్లో చిక్కంతో కాయలు దించడం, అన్నీ ఆయనే. సీజన్లో అమ్మ కాయలు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డుకి వెళ్తుంది. మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళ చేలోకి. తోట మధ్యలో రెండు గదుల రేకుల షెడ్డు మా ఇల్లు. నేను పెరిగిందంతా అందులోనే.

నేను ఇళ్ళు గీయడం మొదలుపెట్టింది కోపంతో. ఒక వానాకాలం రేకులు కారి నా సోషల్ పుస్తకం నానిపోయింది. నేను నాన్న మీద ఎగిరాను, ఇదేం ఇల్లు, ఇదీ ఒక ఇల్లేనా అని. ఆయన పుస్తకం పొయ్యి దగ్గర ఆరబెడుతూ, "సర్లే, మంచిది నువ్వు కట్టు, మేమొచ్చి ఉంటాం" అన్నాడు. ఆ పంతంతో మామిడికాయల అట్టపెట్టెల మూతల వెనక ఇళ్ళు గీసేదాన్ని. మేడలు, మెట్లు, వాన నీళ్ళు దూరంగా పోయే చూరులు. ఇంటర్లో లెక్చరర్ ఒకాయన అవి చూసి, దీనికో చదువుందమ్మా, ఎంట్రన్స్‌లో బొమ్మ కూడా గీయిస్తారు అని చెప్పారు. ఇక ఆ సెలవులంతా బొమ్మలే. ఆయన మా ఇంటిని పైనుంచి కాకి చూసినట్టు గీసుకురమ్మన్నారు. నేను గీస్తుంటే అమ్మ వెనక నిలబడి, "కాకికేం పనే మన ఇంటితో? చూసి చూసి అదే పారిపోద్ది" అంది. సీటొచ్చిందని తెలిసిన రోజు మాత్రం ఆ బొమ్మ ఎక్కడ పెట్టావంటూ ఇల్లంతా వెతికింది.

తోటలో ఈశాన్యం మూల, బోరు పక్కన ఒక చిన్నరసం మామిడి చెట్టుంది. ఉండేది.

నేను చిన్నపిల్లగా ఉండగా నాకో తమ్ముడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కొద్దిరోజులే ఉన్నాడు. బారసాల కాలేదు కాబట్టి వాడికి పేరు కూడా లేదు. పసిపిల్లలు పోతే మావాళ్ళు కాల్చరు, పూడుస్తారు. పెద్దవాళ్ళు ఊరి శ్మశానానికి తీసుకెళ్ళమన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "అంత దూరాన వాణ్ణి ఒక్కణ్ణీ పెట్టి నేనుండలేను" అని నాన్న చెయ్యి పట్టుకుని వదల్లేదట. నాన్న ఆ చెట్టు మొదట్లో గొయ్యి తీశాడు. ఆసామికి చెప్పలేదు, పెద్దవాళ్ళతో శ్మశానంలోనే పెట్టొచ్చామన్నాడు. అప్పుడు తోట పూత మీదుంది. పూత మీదున్న తోటలో ఇలాంటిది జరిగిందని తెలిస్తే, ఆ ఏడు తేనెమంచు పురుగు పట్టినా, గాలికి పూత రాలినా మా నెత్తిమీదికే వస్తుంది. అలా వాడు మా ముగ్గురికే తెలిసి అక్కడ ఉండిపోయాడు.

ఆ చెట్టు కాయ అమ్మ నోట పెట్టలేదు. కానీ ఏటా ఆ చెట్టున ముందుగా పండిన పండు కోసి దాని మొదట్లోనే పెట్టేది. "వాడి వాటా" అనేది. చీమలు తినేసేవి. నాతో పోట్లాట వచ్చినప్పుడల్లా, "నువ్వు పెళ్ళయ్యాక పోయేదానివే. నన్ను కనిపెట్టుకుని ఉండేది వాడే" అని బోరు వైపు చెయ్యి చూపించేది. నాకు కుళ్ళు పుట్టేది. ఉన్నదాన్ని నేను, మంచి పేరు వాడికా అని. నవ్వుకునేవాళ్ళం కూడా. దుఃఖం అన్నేళ్ళు ఇంట్లో ఉంటే దానితో వేళాకోళం కూడా ఆడతాం.

కాలేజీ విజయవాడ వైపు. మొదటి ఏడంతా థర్మోకోల్ కోయడం, వేళ్ళు కోసుకోవడం, గీసింది మాస్టార్లు కొట్టేస్తే మళ్ళీ గీయడం. జ్యూరీ అని ఒకటుంటుంది. మనం చేసింది గోడకి అంటించి పక్కన దొంగల్లా నిలబడాలి, పెద్దలు వచ్చి తలా ఒక మాట అంటారు. నాకు నోరెక్కువ కాబట్టి తిరిగి అనేదాన్ని, అందుకు ఇంకో నాలుగు తినేదాన్ని. ఒక మాస్టారు మాత్రం మంచి మాట చెప్పారు. "సైటు ఖాళీగా ఉందని ఎప్పుడూ రాయకండి. మనకంటే ముందు అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. కనుక్కుని గీయండి" అన్నారు. క్లాసులో అందరం తలలూపాం.

నాలుగో ఏడులో ఒక సెమిస్టరంతా ఏదైనా ఆఫీసులో పని నేర్చుకోవాలి. మావాళ్ళంతా హైదరాబాద్ వెళ్ళారు. నేను ఇంటినుంచి బస్సులో వెళ్ళి రావచ్చని నూజివీడులో చిన్న ఆఫీసులో చేరాను. సార్ మంచాయన. గీత వంకరపోతే అరుస్తారు, మధ్యాహ్నం మాత్రం క్యారేజీలో కూర అందరికీ వడ్డించి తాను తింటారు. కొన్నాళ్ళు మెట్లు, బాత్రూములు గీయించి, ఒకరోజు ఒక సర్వే డ్రాయింగు నా సిస్టమ్‌లోకి పంపారు. "వెంచరమ్మా. లేఅవుట్ నువ్వే మొదలెట్టు చూద్దాం" అన్నారు.

నా ఆనందం ఇంతా అంతా కాదు. తెరిచి చూశాను. చుట్టూ కంచె గీత. మధ్యలో చిన్న డబ్బా, దాని పక్కన 'రేకుల షెడ్డు' అని రాసుంది. ఈశాన్యం మూల 'బోరు'. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. గేటు దగ్గర కంచె వంపు చూశాక తెలిసింది. అది మా ఇల్లు. కాకి చూసినట్టు పైనుంచి చూసి, నా ఇంటిని నేనే గుర్తుపట్టలేకపోయాను. చెట్లు ఒక్కటి కూడా గీయలేదు సర్వేవాళ్ళు. ఎటూ కొట్టేసేవే కదా అనుకున్నారేమో.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. నాన్న పైపుకి చుట్టిన గుడ్డ విప్పుతున్నాడు. తోటని ప్లాట్లు చేస్తున్నారని చెప్పాను. నాన్నకి తెలుసు. "ఆసామి నిరుడే అన్నాడమ్మా. చెట్లు ముసలివైపోయాయి, కాపు లేదు, ఇచ్చేస్తానన్నాడు. నాకు గేటు దగ్గర పని చెప్తాడంట" అన్నాడు తలెత్తకుండా. అమ్మ చేతిలో ఆకు అలాగే ఉంది.

"మరి వాడో?" అంది.

నాన్న విప్పిన గుడ్డనే మళ్ళీ పైపుకి చుట్టాడు. చివరికి నాన్నే అడిగాడు. "పార్కని కొంత జాగా ఒదుల్తారంటగా. అది బోరు దగ్గరికి వచ్చేట్టు గీయలేవా అమ్మా?"

ఎందుకు గీయలేను? వెంచర్ వేస్తే కొంత స్థలం ఖాళీగా వదలాలని రూలుంది, అది ఎక్కడన్నది గీసేవాళ్ళ చేతిలోనే మొదలవుతుంది. నేను ఆ లేఅవుట్ గీసినంత శ్రద్ధగా ఇంకేదీ గీయలేదు. రోడ్లు ఆ మూల నుంచే విడిపోయేట్టు, లోపలికి అడుగుపెట్టగానే పచ్చగా కనిపించేట్టు, బోరు నీళ్ళు మొక్కలకి వాడుకునేట్టు. చిన్నరసం చెట్టు చుట్టూ కూర్చోవడానికి గుండ్రటి అరుగు గీశాను. మెయిన్‌రోడ్డు నుంచి తోట గేటుకి వచ్చే బాట పల్లంగా ఉంటుంది, వానొస్తే మోకాళ్ళ దాకా నీళ్ళు. చిన్నప్పుడు స్కూలుకెళ్తూ చెప్పులు చేత పట్టుకుని దాటిన బాటే. దాన్ని సైటులో తవ్విన మట్టితో ఎత్తు చేయాలని కూడా లెక్క కట్టి రాశాను. సార్ చూసి, "బాగుందమ్మాయ్. ఉన్న చెట్టుని వాడుకున్నావు చూడు, అదీ పద్ధతి" అన్నారు. ఆయన నోట అంత మాట రావడం పెద్ద విషయం.

ప్రింటు తీసుకుని ఇంటికి పరుగెత్తాను. మంచం మీద పరిస్తే అమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. "వాడేడీ?" అంది. ఆకుపచ్చ రంగులో చిన్న గుండ్రం చూపించాను. దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. "పిల్లలొచ్చి ఆడుకుంటారా ఇక్కడ?" అంది. ఆడుకుంటారమ్మా, ఉయ్యాలలు కూడా పెట్టిస్తాను అన్నాను. "అయితే వాడికి పొద్దుపోద్ది" అంది. నా చదువు దేనికి పనికొచ్చిందయ్యా అంటే దీనికి, అనుకున్నాను ఆ పూట. అట్టపెట్టెల మూతల మీద గీసినవన్నీ దీనికోసమే అనిపించింది.

తర్వాతి వారం వెంచరాయన ఆఫీసుకొచ్చారు. మర్యాదస్తుడే, నన్ను కూడా 'అమ్మా' అనే పిలిచారు. డ్రాయింగు కాసేపు చూసి నవ్వారు.

"ఏమ్మా, నువ్వేనా గీసింది? ఈశాన్యం బిట్టు, తూర్పు ముఖం. బంగారం లాంటిది. దీన్ని తీసుకెళ్ళి పిల్లలు ఉయ్యాలలూగడానికి వదిలేశావేంటి?"

"పిల్లలకేనండీ" అన్నాను.

"పార్కు వెనక్కి తోసెయ్యండి సార్, ఆ వాగు పక్కకి. అక్కడ ఎటూ ఎవరూ కొనరు" అన్నారు మా సార్ వైపు తిరిగి. నేను ఊరుకోలేదు. చెట్టు నీడన్నాను, బోరన్నాను, అందమన్నాను, నేర్చుకున్నదంతా వరసగా ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విని, టీ తాగి వెళ్ళిపోయారు. "స్థలం వాళ్ళది, గీత మనది. గీత గెలవదమ్మా" అన్నారు సార్. అసలు సంగతి నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ప్లాటు కొనేవాడికి వాస్తు ముందు, ఇల్లు తర్వాత. నేలలో ఎముక ఉందంటే శల్యదోషమంటారు. ఆ మాట బయటపడితే చెట్టు కొట్టడంతో ఆగరని నాకు తెలుసు. వెంచరాయన చెప్పినట్టే పార్కుని వాగు పక్కకి జరిపాను. నా చేత్తోనే.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పి ఏడ్చాను. నాన్న బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ ఏడవలేదు. "నువ్వడిగావా, వాడున్నాడని?" అంది. లేదన్నాను. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. చెప్పకుండా ఒదలమంటే ఎవరొదుల్తారే?" అంది. నేను విసుక్కుని, చెప్పకూడదమ్మా, నీకు తెలీదు ఊరుకో అన్నాను. ఊరుకుందనే అనుకున్నాను.

మర్నాడు నేను బస్సెక్కాక, అమ్మ తలకి పోసుకుని ఉతికిన చీర కట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడ వెంచరాయన, ఆసామి కుర్చీలేసుకుని రాళ్ళు పాతిస్తున్నారు. వాళ్ళ ముందు నిలబడి అన్నేళ్ళ సంగతీ చెప్పేసింది. బాబుగారూ, నా కొడుకు అక్కడున్నాడండీ, వాడి జోలికి పోకండి, మీ పిల్లలు చల్లగా ఉంటారు అని. అమ్మ ధైర్యం అమ్మది. చాట్రాయి వైపు ఎక్కడో రోడ్డు వేస్తూ, అడ్డంగా పుట్ట ఉంటే దానికి పసుపూ కుంకుమా పెట్టి రోడ్డునే వంపు తిప్పారని ఆవిడ ఎప్పుడూ చెప్తుంది. పాముకే అంత భయపడితే, పోయిన బిడ్డంటే ఎవరికి భయం ఉండదు? మావాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. అలాంటి చోటు ఉందని తెలిస్తే దణ్ణం పెట్టి పక్కనుంచి పోతారు, అంతే.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది. "ఎంత మర్యాదగా విన్నాడనుకున్నావ్! కుర్చీ ఇచ్చాడే నాకు. మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. అయ్యో తల్లీ, ముందే చెప్పొద్దా, నేను చూసుకుంటాగా అన్నాడు." ఆ రోజు పప్పుచారు పెట్టి అప్పడాలు కూడా వేయించింది. నాకు వడ్డిస్తూ, "చూశావా, నీ చదువుతో కానిది నా నోటితో అయింది" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. చెప్పకూడనిది చెప్పేసిందే అని నాకు భయం. కానీ ఆ మొహం చూసి, ఇంకో అప్పడం వెయ్యమని కంచం చాపాను. ఏమో, ఆయనకీ పిల్లలున్నారుగా, నిజంగానే వదిలేస్తాడేమో అని నాకూ ఆశ పుట్టింది.

ఆయన చూసుకున్నారు. సిద్ధాంతిని పిలిపించారు. మనిషి నిలువు లోతు తవ్వి, ఆ మట్టంతా బయట పోయించి, కొత్త మట్టి నింపితే దోషం పోతుందని సిద్ధాంతి చెప్పారట. రెండు రోజులు తిరక్కముందే నాన్న ఆఫీసుకి ఫోన్ చేశాడు. "అమ్మని నేను పట్టుకోలేకపోతున్నా, నువ్వు రా" అన్నాడు. వెనక జేసీబీ చప్పుడు.

ఆటో దిగి పరుగెత్తాను. చిన్నరసం చెట్టు పక్కకి పడి ఉంది, వేళ్ళు పైకి, పిందెలన్నీ నేల మీద. అది నిలబడిన చోట పెద్ద గొయ్యి. గొయ్యి శుభ్రంగా ఉంది, గోడలు నున్నగా గీసినట్టు. మట్టి లేదు. ట్రాక్టర్లు ఎప్పుడో ఎత్తుకెళ్ళిపోయాయి. అమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. నన్ను చూసి పెదాలు మాత్రం కదిపింది.

వెంచరాయన నా దగ్గరికి వచ్చారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి, అదే నాకు ఇప్పటికీ మండుతుంది. "శాంతి కూడా చేయించామమ్మా. బ్రాహ్మణ్ణి పిలిచి మంత్రాలు చెప్పించాం. మీ తమ్ముడికి మంచే జరిగింది. లేకపోతే రేపు ఎవరో ఇల్లు కట్టి వాడి మీద నడిచేవాళ్ళు కదా" అన్నారు. తిట్టడానికి నోరు తెరిచాను. నోరెక్కువని పేరున్న దాన్ని, ఆ ఒక్కనాడు మూగదాన్నయ్యాను. నాన్న అమ్మ భుజం పట్టుకుని, "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడిందే పిచ్చిదానా" అన్నాడు. తిట్టినట్టు లేదు. ఆయన కూడా ఏడుస్తున్నాడు.

ట్రాక్టరు అతన్ని అడిగాను, మట్టి ఎక్కడ పోశారని. "మాకేం తెల్దండీ, పల్లం కనపడ్డ చోటల్లా పోయమన్నారు" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. లేని గొంతుతో అడిగింది.

"నీ కాయితంలో ఉంటదా? ఎక్కడ పోశారో?"

ఉంది. మెయిన్‌రోడ్డు నుంచి గేటు దాకా పల్లం, సైటులో తవ్విన మట్టితో ఎత్తు చేయవలెను. నేను రాసిందే. పార్కు జరిపారు, అరుగు కొట్టేశారు, నేను గీసిన దాంట్లో వాళ్ళు ఒక్క అక్షరం మార్చకుండా చేసింది అదొక్కటే. అమ్మని తీసుకుని అక్కడిదాకా వెళ్ళాను. బాట పొడుగునా ఎర్రమట్టి పరిచి ఉంది, రోలరు అప్పటికే ఒకసారి తిరిగిపోయింది. అమ్మ వంగి ఒక పిడికెడు తీసుకుంది, చూసి మళ్ళీ అక్కడే పోసింది. మళ్ళీ ఇంకొంచెం ముందుకెళ్ళి ఇంకో పిడికెడు. అలా గేటు దాకా.

ఇదంతా అయి ఏడాది దాటింది. నేను ఐదో ఏడులోకొచ్చాను. థీసిస్‌కి సైటు చెప్పమని మాస్టారు అడుగుతున్నారు, రేపు రేపంటూ తప్పించుకు తిరుగుతున్నాను. చదువు మానెయ్యాలని ఒకసారి అనుకున్నాను. అమ్మే ఒప్పుకోలేదు. "మానేసి ఏం చేస్తావ్? నువ్వు గీయకపోతే ఇంకోడు గీస్తాడు, వాడికి మనవాళ్ళ సంగతి అసలు తెలీదు" అంది. ఊళ్ళో అద్దె గదిలో ఉంటున్నాం. నాన్న వెంచర్ గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని కూర్చుంటాడు. బోరు పక్క బిట్టు అన్నిటికంటే ముందు అమ్ముడుపోయింది, అక్కడ మేడ లేస్తోంది.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి అమ్మతో వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. మట్టి బాట ఇప్పుడు తారు రోడ్డు. ఆటో దిగగానే అమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. తారు సెగలు కక్కుతోంది. అరికాళ్ళు ఆనీ ఆనకుండా వేస్తూ నడుస్తోంది. నేను వెనకనుంచి అరిచాను.

"ఏంటమ్మా ఇది? కాళ్ళు బొబ్బలెక్కుతాయి, వేసుకో!"

అమ్మ ఆగలేదు. "వాడెక్కడున్నాడో తెలిస్తే అంతవరకే విప్పేదాన్నే. తెలీదుగా" అంది.

గేటు ఇంకా దూరంగా ఉంది. నేనూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఆవిడ వెనక నడిచాను.